తక్కువ బడ్జెట్ ఉన్న స్థానిక సంస్థ రోడ్ల భద్రతను ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఒక చిన్న స్థానిక సంస్థలో రోడ్ల బాధ్యత కొత్తగా నా మీద పడింది. తారు రోడ్లు, కంకర రోడ్లు కలిసి చాలానే ఉన్నాయి, బడ్జెట్ మాత్రం అంతంత మాత్రం. రోజూ గుంతల మీద ఫిర్యాదులే. ఒక మలుపు దగ్గర తరచూ బళ్ళు రోడ్డు దిగిపోతున్నాయి, అక్కడ క్రాష్ బ్యారియర్ (రోడ్డు దిగే బండిని ఆపే రేకు కంచె) వేయమని ఒత్తిడి. మెయింటెనెన్స్‌కే డబ్బు చాలనప్పుడు భద్రతకు ఎక్కడి నుంచి తేవాలి? ముందు ఏం చేయాలి? సాఫ్ట్‌వేర్ ఏదైనా కొనాలా?

సమాధానం:

మీ ప్రశ్నలోనే ఒక చిక్కుంది. మెయింటెనెన్స్ ఒక పద్దు, భద్రత ఇంకో పద్దు అనుకుంటున్నారు. పెద్ద హైవే సంస్థలకు అలా విడగొట్టుకునే వీలుంటుంది. చిన్న సంస్థలో గ్యాంగు (రోడ్డు పనివాళ్ళ బృందం) రోజూ చేసే పనుల్లోనే భద్రత చాలావరకు ఉంటుంది: కాలువ పూడిక తీయడం, బెర్మ్ (తారు పక్కనుండే మట్టి అంచు) సరిచేయడం, పొదలు కొట్టడం, వాలిపోయిన బోర్డు నిలబెట్టడం. ఆ పనులు ఎక్కడ ముందు చేయాలో నిర్ణయించే పద్ధతి మారితే చాలు, మొదటి ఏడాది కొత్త డబ్బు పెద్దగా అక్కర్లేదు.

ఇప్పుడు దాదాపు అందరూ "ఏ రోడ్డు ఎక్కువ పాడైంది?" అని మొదలుపెడతారు. దాని బదులు "ఏ చోట డ్రైవరు చిన్న పొరపాటు చేస్తే ప్రాణం పోతుంది?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకూ వచ్చే జాబితాలు వేరుగా ఉంటాయి. 1997లో స్వీడన్ పార్లమెంటు ఆమోదించిన 'విజన్ జీరో' విధానానికి మూలం ఇదే: మనుషులు పొరపాట్లు చేస్తూనే ఉంటారు, ఆ పొరపాటు ప్రాణం తీయకుండా రోడ్డును ఉంచడం రోడ్డు చూసుకునేవాళ్ళ పని.

ముందుగా మీ రోడ్లన్నీ మీరే చూడండి. ఒకసారి పగలు, ఒకసారి చీకటి పడ్డాక, ఒకసారి వాన కురుస్తుండగా. పగలు కనిపించే రోడ్డు వేరు, రాత్రి డ్రైవరుకు కనిపించే రోడ్డు వేరు. వానలో అయితే నీళ్ళు ఎటు పోవాలో అటు పోవట్లేదని కళ్ళారా తెలుస్తుంది. ఎండాకాలంలో ఎన్ని కొలతలు తీసినా ఆ సంగతి అంత తేలిగ్గా పట్టుబడదు. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో లొకేషన్‌తో పాటు ఫొటో తీయించండి. స్కూళ్ళ దగ్గర, బస్సు ఆగే చోట్ల బండి దిగి నడవండి. నడిచేవాళ్ళ ఇబ్బంది బండి సీటులోంచి అర్థం కాదు.

ఏం రాసుకోవాలంటే: మలుపులు, వాటికి ముందు హెచ్చరిక బోర్డు ఉందా లేదా, జంక్షన్‌లో అడ్డు వచ్చే చెట్లు, గోడలు, హోర్డింగులు, రోడ్డు అంచుకూ బెర్మ్‌కూ మధ్య ఎత్తు తేడా, పూడిన తూములు, రోడ్డుకు మరీ దగ్గరగా ఉన్న స్తంభాలు, చెట్లు, కల్వర్టు గోడలు, వెలిసిపోయిన గీతలు, నీళ్ళు నిలిచే చోట్లు. గుంతలు కూడా రాసుకోండి, కాకపోతే జాబితాలో అవి ఒక వరస మాత్రమే.

ప్రమాదాల రికార్డు పోలీసుల దగ్గర తీసుకోండి. కనీసం మూడు నాలుగేళ్ళది, కుదిరితే ఐదేళ్ళది. కానీ దాన్ని జాగ్రత్తగా చదవాలి. బళ్ళు తక్కువ తిరిగే రోడ్ల మీద ప్రమాదాలు చెల్లాచెదురుగా జరుగుతాయి. కిందటేడు ఒక మలుపులో రెండు జరిగాయంటే వచ్చే ఏడాది కూడా అక్కడే జరుగుతాయని లేదు; అచ్చం అలాంటిదే ఇంకో మలుపులో జరగొచ్చు. ఇంకో మెలిక కూడా ఉంది. ఒక్క ఏడాది లెక్క చూసి అత్యధికంగా ఉన్న చోటును ఎంచుకుంటే, మీరేం చేయకపోయినా మరుసటేడు అక్కడ సంఖ్య తగ్గే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే ఆ ఏడాది అది సగటు కంటే పైకి ఎగిరి ఉంటుంది. అది చూసి "మేం వేసిన బోర్డు పనిచేసింది" అని సంబరపడే సంస్థలు చాలా ఉన్నాయి. అందుకే ప్రమాదం జరిగిన చోటునే కాకుండా, అక్కడి లక్షణాలను పట్టుకోండి. ఇరుకు మలుపు, అంచు గీత లేదు, బెర్మ్ దిగిపోయి ఉంది, చెట్టు దగ్గరగా ఉంది అనుకోండి. ఈ నాలుగూ కలిసి ఉన్న చోట్లు మీ పరిధిలో ఎన్ని ఉన్నాయో తీసి, వాటన్నిటికీ చౌకలో అయ్యే పనులు ఒకేసారి చేయించండి. ఒకే చోట పెద్ద ఖర్చు పెట్టేకంటే చిన్న సంస్థకు ఈ దారే కలిసొస్తుంది.

ఇప్పుడు మీ మలుపు సంగతి. బ్యారియర్ మాట కాసేపు పక్కన పెట్టండి. బళ్ళు ఎందుకు దిగిపోతున్నాయో ముందు తెలియాలి. రాత్రిళ్ళు ఎక్కువా? అయితే మలుపు కనబడట్లేదని అర్థం. వానలో ఎక్కువా? రోడ్డు నునుపెక్కిపోయి ఉండొచ్చు, లేదా మలుపులో నీళ్ళు నిలుస్తుండొచ్చు. పక్క దారిలోంచి కంకర కొట్టుకొచ్చి మలుపులో పరుచుకుంటోందా? టూవీలర్లకు అంతకంటే ప్రమాదం లేదు. మలుపు లోపలి వైపు పొద పెరిగి ముందున్నది కనబడట్లేదా? సూపర్ ఎలివేషన్, అంటే మలుపులో బయటి అంచు ఎత్తుగా ఉండటం, సరిగ్గా ఉందో లేదో లెవెల్ పెట్టి చూశారా? పాత రోడ్డు మీద పొర మీద పొర వేసుకుంటూ పోయిన చోట అది తారుమారై ఉంటుంది.

కారణం తెలిశాక పనుల వరస ఇలా ఉంటుంది. ముందు పొద కొట్టించి, రోడ్డు ఊడ్పించి, బెర్మ్ నింపించండి. ఇవి మీ గ్యాంగుతోనే అవుతాయి. తర్వాత మలుపుకు ముందు హెచ్చరిక బోర్డు, దాని కింద సలహా వేగం, మలుపు బయటి వైపు బాణం గుర్తుల చెవ్రాన్ బోర్డులు. డ్రైవరుకు ఎప్పుడూ కనీసం రెండు చెవ్రాన్లు ఒకేసారి కనబడేలా దూరం పెట్టాలి. ఒక్కటే కనబడితే మలుపు ఎంత బిగువో అర్థం కాదు. ఆపైన అంచు గీత, మధ్య గీత. రోడ్డు నునుపెక్కిపోయి ఉంటే జారుడు తగ్గించే పై పొర. ఇవన్నీ అయ్యాక కూడా, రోడ్డు దిగిన బండి గుద్దుకునే చెట్టో స్తంభమో ఉంటే దాన్ని తీసేయగలమా, జరపగలమా అని చూడాలి. అదీ కుదరనప్పుడే బ్యారియర్.

ఎందుకింత వెనక పెట్టానంటే, బ్యారియర్ కూడా గుద్దుకునే వస్తువే. దాని వెనక ఉన్న ప్రమాదం దానికంటే పెద్దదైనప్పుడే (లోయ, చెరువు, వంతెన గోడ) దాన్ని పెట్టడంలో అర్థముంది. పెట్టినా సరిగ్గా పెట్టాలి. ఎదురొచ్చే చివర నేరుగా ట్రాఫిక్ వైపు తెరిచి వదిలేస్తే ఆ రేకు కారులోకి దూసుకుపోతుంది. రేకుల అతుకులు ట్రాఫిక్ వెళ్ళే దిశలోనే ఒకదాని మీద ఒకటి రావాలి, లేకపోతే బండి అతుకులో ఇరుక్కుంటుంది. వెనక స్తంభాలకు గట్టి మట్టి ఆసరా లేకపోతే దెబ్బ తగలగానే పడిపోతాయి. ఇవేవీ చూసుకోలేని స్థితిలో హడావిడిగా బ్యారియర్ వేయడం కంటే నాలుగు చెవ్రాన్లు, ఒక అంచు గీత మేలు. అన్నట్టు, చెట్ల విషయంలో సన్నవాటిని తేలిగ్గా తీసుకోకండి. మాను పది సెంటీమీటర్లు దాటితే దాన్ని కదలని వస్తువుగానే లెక్కేస్తారు.

రోడ్డు అంచు గురించి కాస్త ఎక్కువ చెప్తాను. దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ, దీనివల్ల పోయే ప్రాణాలు మాత్రం తక్కువ కాదు. తారు అంచు కంటే బెర్మ్ మట్టి అరిగి కిందికి దిగిపోతుంది. ఎదురు బండికి దారివ్వడానికో, కళ్ళు మూతబడో ఒక చక్రం కిందికి దిగుతుంది. డ్రైవరు వెంటనే స్టీరింగ్ తిప్పుతాడు. టైరు పక్క గోడ తారు అంచుకు ఒరుసుకుంటుంది గానీ ఎక్కదు. ఇంకొంచెం తిప్పుతాడు. ఒక్కసారిగా టైరు ఎక్కేస్తుంది, కానీ అప్పటికి ముందు చక్రాలు బాగా తిరిగిపోయి ఉంటాయి కాబట్టి బండి దూసుకుంటూ ఎదురు లేన్లోకి పోతుంది, లేదా పల్టీ కొడుతుంది. రిపోర్టులో మాత్రం "అతివేగం, డ్రైవరు అజాగ్రత్త" అని రాస్తారు. ఐదు సెంటీమీటర్ల తేడా కూడా టూవీలర్‌ను పడేయడానికి చాలు; పది సెంటీమీటర్లకు వచ్చిందంటే కార్లకు కూడా గండమే.

మందు రెండు రకాలు. ఉన్న రోడ్లకు బెర్మ్ మట్టి పోసి రోలర్ తొక్కించడం. ఊరికే గుమ్మరించి వెళ్ళిపోతే మొదటి వానకే కొట్టుకుపోతుంది. మలుపుల లోపలి వైపు, జంక్షన్ మూలల్లో, బస్సులు పక్కకు ఆగే చోట్ల ఇది మాటిమాటికీ దిగిపోతుంది కాబట్టి అక్కడ మట్టికి బదులు గట్టి కంకర వాడండి. కొత్తగా తారు వేసే రోడ్లకైతే అంచును నిలువుగా వదలకుండా, సుమారు 30 డిగ్రీల ఏటవాలుగా అణిచి వేయించండి. దీనికి తారు పరిచే యంత్రమైన పేవర్‌కు తగిలించే ఒక పరికరం ఉంటుంది, పెట్టడం పెద్ద పనేం కాదు. తర్వాత మట్టి దిగిపోయినా ఆ వాలు మీదుగా టైరు మెల్లగా ఎక్కేస్తుంది. పైగా అంచు విరిగిపోవడం కూడా తగ్గుతుంది. ఎంత చెప్పినా కొందరు కాంట్రాక్టర్లు తారు వేసి వారాల తరబడి బెర్మ్ ముట్టుకోరు. బెర్మ్ నింపితేనే ఆ భాగానికి బిల్లు అని అగ్రిమెంటులోనే రాయించండి.

ఇక గుంతలు. గుంత జబ్బు కాదు, లక్షణం. జబ్బు నీళ్ళే. తారులో పగులు వస్తుంది, నీళ్ళు దిగుతాయి, కింద కంకర పొర మెత్తబడుతుంది, చక్రం నొక్కినప్పుడల్లా ఆ నీటితో పాటు సన్న మట్టి పైకి చిమ్ముతుంది. కింద ఖాళీ ఏర్పడ్డాక పైన తారు విరిగి పడుతుంది. అందుకే నీళ్ళ దారి సరిచేయకుండా గుంత పూడిస్తే వానాకాలం దాటేలోపు దాని పక్కనే ఇంకోటి వస్తుంది. తారు రోడ్డుకు మధ్యలోంచి అంచుకు 2 నుంచి 2.5 శాతం వాలు ఉండాలి, కంకర రోడ్డుకు 4 శాతం దాకా. చాలాచోట్ల కనిపించే తప్పు ఏమిటంటే, ఏళ్ళ తరబడి దుమ్ము, గడ్డి పేరుకుని బెర్మ్ రోడ్డు కంటే ఎత్తుకు వచ్చేయడం. ఇందాక చెప్పిన, బెర్మ్ దిగిపోవడానికి ఇది సరిగ్గా ఉల్టా. నీళ్ళు పక్క కాలువకు పోకుండా రోడ్డు అంచునే పారతాయి. అక్కడ ఆ గడ్డిగట్టు చెక్కేయడం తారు పని కంటే ముందు జరగాలి. తూములను వానలకు ముందు ఒకసారి, పెద్ద వాన పడ్డ వెంటనే ఒకసారి చూడాలి. తూము నోటి దగ్గర చెత్త అడ్డుపడి రోడ్డు తెగిపోయిందంటే ఆ ఒక్క రిపేరుకే ఏడాది పూడికతీత ఖర్చంతా పోతుంది.

పూడ్చేటప్పుడు గుంతలోని నీళ్ళు, వదులు రాళ్ళు తీసేయాలి, అంచులు గట్టి తారు దాకా నిలువుగా కోయాలి, ఎమల్షన్ ట్యాక్ కోట్ (కొత్త మిశ్రమం అతుక్కోవడానికి పల్చటి తారు పూత) కొట్టాలి, మిశ్రమం పొరలుగా వేసి అణచాలి. వానలో, అత్యవసరంలో ఇంత కుదరదు. అప్పుడు మంచి కోల్డ్ మిక్స్ (వేడి చేయకుండా వాడే తారు మిశ్రమం) వేసి లారీ చక్రంతో తొక్కించినా పర్లేదు. అణిచాక చుట్టూ రోడ్డు కంటే మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు ఉబ్బెత్తుగా ఉండాలి. మిశ్రమం మంచిదైతే ఈ త్వరపద్ధతి కూడా బాగానే నిలుస్తుంది. పారతో పోసి, పారతోనే రెండు దెబ్బలు కొట్టి వెళ్ళిపోవడం మాత్రం డబ్బును గుంతలో పోయడమే.

ఏ గుంత ముందు? ఫిర్యాదు ఎవరు చేశారన్నది పక్కన పెట్టి ఒక రాతపూర్వక నియమం పెట్టుకోండి. మలుపులో, వాలులో, జంక్షన్ దగ్గర, చక్రం పోయే దారిలో ఉన్న లోతైన గుంత అయితే అదే రోజు కనీసం కోన్, బారికేడ్ పెట్టి, వీలైనంత త్వరగా పూడ్చాలి. నేరుగా ఉన్న వీధిలో, నెమ్మదిగా పోయే చోట ఉన్నదైతే తర్వాతి విడతలో చూడొచ్చు. మూత లేని మ్యాన్‌హోల్, కూలిన కల్వర్టు, దారికి అడ్డంగా పడ్డ చెట్టు, పడిపోయిన స్టాప్ బోర్డు, పనిచేయని సిగ్నల్ అన్నీ మొదటి వర్గంలోకే వస్తాయి. స్టాప్ బోర్డు పడిపోవడాన్ని గుంత కంటే చిన్న విషయంగా చూసే అలవాటు మీ ఆఫీసులో ఉంటే ముందు దాన్ని మార్చండి.

కంకర రోడ్ల మీద అలలు అలలుగా ఎగుడుదిగుళ్ళు వస్తున్నాయా? పొడిగా ఉన్నప్పుడు, రోడ్డు చదును చేసే యంత్రమైన గ్రేడర్‌తో పైపైన గీకితే అవి వారంలో తిరిగొస్తాయి. తడి ఉన్నప్పుడు, అలల అడుగుదాకా కోసి, మళ్ళీ పరిచి అణచాలి. గ్రేడర్ గంటకు 5 నుంచి 8 కిలోమీటర్ల వేగం దాటకూడదు, దాటితే గ్రేడరే కొత్త అలలు వేస్తుంది. కంకరలో బంకమట్టి అంశం లేకపోతే ఎన్నిసార్లు తిప్పినా నిలవదు.

డబ్బు గురించి అడిగారు కాబట్టి ఇది చెప్పాలి. అన్నిటికంటే పాడైన రోడ్డుకే ముందు డబ్బు పెట్టడం వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ పూర్తిగా పోయిన రోడ్డును ఇవాళ వేసినా, రెండేళ్ళ తర్వాత వేసినా ఖర్చులో తేడా కొంచెమే. ఇంకా బాగున్న రోడ్డులో పగుళ్ళు మూయించడం, ఒక సర్ఫేస్ డ్రెస్సింగ్ (తారు చల్లి పైన చిప్స్ పరిచే పల్చటి పొర) వేయించడం రెండేళ్ళు ఆలస్యమైతే అది కూడా మొదటి దాని పక్కకు చేరుతుంది. కాబట్టి బడ్జెట్లో ఒక వాటాను బాగున్న రోడ్లను బాగానే ఉంచడానికి పక్కన పెట్టి, దాన్ని ముట్టుకోకండి. పాడైపోయిన రోడ్లను పూర్తిగా వేయలేకపోతే, వాటిని కనీసం సురక్షితంగా ఉంచండి: గుంతలు పూడ్చి, బోర్డులు పెట్టి, వేగం తగ్గించి. "ఆ రోడ్డు అంత బాగుంటే మళ్ళీ దానికే ఎందుకు డబ్బు?" అని పాడైన రోడ్ల జనం అడుగుతారు. వాళ్ళకు చెప్పడానికి లెక్క కాగితం మీద పెట్టుకోండి, లేకపోతే ఆ సమావేశం నెగ్గలేరు.

ఓవర్‌లోడ్ లారీల సంగతి కూడా. అమెరికాలోని ఇల్లినాయిలో 1958 నుంచి 1960 దాకా, అక్కడి రాష్ట్రాల హైవే అధికారుల సంఘం ఆధ్వర్యంలో జరిగిన ఏఏఎస్‌హెచ్‌ఓ రోడ్డు పరీక్షలో తేలినదేమంటే, ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లు. మీ పరిధిలో క్వారీయో, ఇసుక రీచో, పెద్ద నిర్మాణమో మొదలైతే ముందే రూటు నిర్ణయించి, బరువు మీద షరతులు పెట్టి, రిపేరు బాధ్యత ఎవరిదో రాయించుకోండి. వీధి రోడ్డు ఏడాదిలో పోయాక చేసేదేం లేదు.

కొత్త తారు వేసిన రోడ్డు సురక్షితమైందని అనుకోకండి. నునుపైన రోడ్డు మీద వేగం పెరుగుతుంది, మలుపు మాత్రం పాతదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుంది. అందుకే రీసర్ఫేసింగ్ ఎస్టిమేట్ రాసేటప్పుడే గీతలు, బోర్డులు, బెర్మ్, వేగం తగ్గించే ఏర్పాట్లు అందులోనే చేర్చండి. తర్వాత విడిగా అడిగితే రావు. పొర వేసినందువల్ల మ్యాన్‌హోల్ మూతలు గుంతల్లో పడతాయి, బ్యారియర్ ఎత్తు తగ్గిపోతుంది, వంతెన గోడలు పొట్టివవుతాయి, వాటినీ పైకెత్తాలి. సర్ఫేస్ డ్రెస్సింగ్ అయితే వదులు చిప్స్ ఊడ్చేదాకా వేగం తగ్గించే బోర్డులు ఉంచాలి. గీతలు వేయకుండా రాత్రికి రోడ్డు వదలొద్దు, కనీసం తాత్కాలిక గుర్తులైనా ఉండాలి.

వేగం తగ్గించమంటే అందరికీ ముందు గుర్తొచ్చేది స్పీడ్ బ్రేకర్. ఇంటికొకటి చొప్పున అడుగుతారు. గుర్తు, బోర్డు, పెయింట్ లేకుండా రాత్రికి రాత్రి వెలిసే బ్రేకర్లు టూవీలర్ల ప్రాణాలు తీస్తాయి. స్కూలు ముందు, నడిచేవాళ్ళు దాటే చోట ఎత్తైన క్రాసింగ్ లాగా, ఒక ప్రామాణిక కొలతతో కట్టండి; మిగతావి తీయించండి. జంక్షన్లలో స్థలం ఉంటే చిన్న రౌండబౌట్ (మధ్యలో గుండ్రటి దిమ్మె చుట్టూ బళ్ళు తిరిగి వెళ్ళే జంక్షన్) గురించి ఆలోచించండి. నాలుగు దారుల మామూలు జంక్షన్లో బళ్ళు ఒకదానికొకటి తగిలే చోట్లు 32, ఒక లేను రౌండబౌట్లో 8. అంతకంటే ముఖ్యం, అందులో ఎవరూ వేగంగా వెళ్ళలేరు.

వేగం బోర్డు మీద ఎంత రాయాలో చూడటానికి ఒక లెక్క ఉపయోగపడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో, డ్రైవరు చూసి బ్రేకు వేసి ఆగడానికి సుమారు 65 మీటర్లు పడుతుంది. 80లో సుమారు 130 మీటర్లు. మీ మలుపులోనో, జంక్షన్లోనో నిలబడి ఎంత దూరం కనబడుతోందో టేపు పెట్టి కొలవండి. 60 మీటర్లే కనబడే చోట 80 కిలోమీటర్ల వేగాన్ని అనుమతించడం తెలిసి తెలిసి చేసే తప్పు. పొద కొట్టి చూపు పెంచాలి, లేదా వేగం తగ్గించాలి.

బోర్డుల విషయంలో చాలామంది పగలు చూసి బాగుందంటారు. రేడియం షీట్ పగలు కొత్తగానే ఉంటుంది, వెలుగును తిప్పికొట్టే గుణం మాత్రం పోయి ఉంటుంది. రాత్రి లో-బీమ్‌లో వెళ్తూ చూడాలి. అమెరికాలో వాడే ఒక పరిశీలన పద్ధతిలో, చూసే మనిషి 60 ఏళ్ళు దాటినవారై ఉండాలంటారు; వాళ్ళకు కనబడితే అందరికీ కనబడినట్టే. మీ ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గరైనవాళ్ళను తీసుకెళ్ళండి. అబద్ధం చెప్పే బోర్డులు కూడా తీసేయండి: పని ఎప్పుడో అయిపోయినా మిగిలిన "పని జరుగుతోంది", మూసేసిన స్కూలు ముందున్న స్కూలు బోర్డు. అలాంటివి నాలుగు చూసిన డ్రైవరు ఐదోదాన్ని నమ్మడు.

రోడ్డు మీద పనిచేసే మీ మనుషుల భద్రత. ఇక్కడ మొహమాటం పనికిరాదు. గుంత పూడ్చడానికి పది నిమిషాలే కదా అని రెండు రాళ్ళు, ఒక చెట్టుకొమ్మ అడ్డం పెట్టే అలవాటు ఆపించండి. పని స్థలంలో ఐదు భాగాలుంటాయి: ముందు హెచ్చరిక బోర్డులు, తర్వాత కోన్లతో బళ్ళను పక్కకు మళ్ళించే ఏటవాలు వరస, ఆ తర్వాత ఎవరూ నిలబడని, ఏ సామానూ పెట్టని ఖాళీ జాగా, అప్పుడు పని చోటు, చివర బళ్ళు మళ్ళీ తమ దారిలోకి వచ్చే భాగం. ఆ ఖాళీ జాగాను గ్యాంగు ఎప్పుడూ కంకర కుప్పలకో, బండి పార్కింగ్‌కో వాడేసుకుంటుంది. అదుపు తప్పిన బండి ఆగడానికి ఉన్న చోటు అదొక్కటే.

కోన్ల వరస పొడవు ఎంత ఉండాలి? ఒకే దిశలో రెండు లేన్లున్న రోడ్డులో ఒక లేను మూస్తుంటే అమెరికా ట్రాఫిక్ మాన్యువల్ సూత్రం సులువుగా ఉంటుంది: మూసే వెడల్పు మీటర్లలో, వేగం వర్గంతో (వేగం × వేగం) గుణించి 155తో భాగించండి. గంటకు 60 కిలోమీటర్ల దాకా ఇది వర్తిస్తుంది. 3.5 మీటర్ల లేను, 50 వేగం అయితే సుమారు 56 మీటర్లు. కానీ మీ రోడ్లలో ఎక్కువ వాటికి అటొక లేను ఇటొక లేను మాత్రమే ఉంటుంది. ఒకటి మూసి రెండో దానిలో వంతులవారీగా వదులుతారు. అక్కడ కోన్ల వరస 15 నుంచి 30 మీటర్లే చాలు, ఎందుకంటే బళ్ళు ఆగి వెళ్ళాలి గానీ సాఫీగా దూసుకుపోకూడదు. రెండు చివరలా, జెండాతో బళ్ళను ఆపి వదిలే ఫ్లాగ్‌మన్‌లు ఉండాలి, వాళ్ళు ఒకరికొకరు కనబడాలి లేదా వాకీటాకీ ఉండాలి. ఫ్లాగ్‌మన్ ఒంటరిగా, బళ్ళకు దూరం నుంచి కనబడేలా, తప్పించుకునే దారి వెనక ఉండేలా నిలబడాలి. నడిచేవాళ్ళకు దారి మూస్తే ప్రత్యామ్నాయం మీరే చూపాలి. లేకపోతే వాళ్ళు బళ్ళ మధ్యలోంచే నడుస్తారు.

పైపులకు, కేబుళ్ళకు రోడ్డు తవ్వేవాళ్ళ గురించి ఒక్క మాట. అనుమతి లేకుండా తవ్వనివ్వొద్దు, డిపాజిట్ లేకుండా అనుమతి ఇవ్వొద్దు. కందకాన్ని 15 సెంటీమీటర్ల పొరలుగా పూడ్చి అణిచారా అన్నది పూడ్చేటప్పుడే వెళ్ళి చూడాలి, తారు పడ్డాక తెలియదు. పై తారును కందకం కంటే రెండు పక్కలా కొంచెం వెడల్పుగా కోసి వేయిస్తేనే అతుకు నిలుస్తుంది. కొత్త రోడ్డు వేసే ముందు ఈ సంస్థలన్నిటికీ లెటర్ పెట్టి, తవ్వాల్సిందేదైనా ఉంటే ఇప్పుడే తవ్వమనండి.

ఇక సాఫ్ట్‌వేర్. ఇప్పుడే వద్దు. ఒక స్ప్రెడ్‌షీట్, ఫోన్ ఫొటోలు, ఒక మ్యాపు చాలు. ఒక్కో ఫిర్యాదుకూ ఎప్పుడు వచ్చింది, ఎవరు వెళ్ళి చూశారు, ఏ వర్గంలో వేశారు, తాత్కాలికంగా ఏం చేశారు, ఎప్పుడు పూర్తయింది అన్న ఐదు గడులు తప్పకుండా ఉండాలి. ప్రమాదం జరిగి కేసైతే మొదట అడిగేది "ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశారు" అనే. రాతలో లేని పని, చేసినా చేయనట్టే. రోడ్ల పరిస్థితికి సున్నా నుంచి వంద దాకా మార్కులేసే పీసీఐ పద్ధతి ఉంది, దాన్ని పూర్తిస్థాయిలో చేయడానికి శిక్షణ, సమయం కావాలి. మొదటి ఏడాదికి బాగుంది, పర్లేదు, పాడైంది అని మూడు ముక్కల్లో రాసుకోండి, కానీ ఎప్పుడూ ఒకే మనిషి చూసేలా పెట్టండి. మనిషి మారితే మార్కులూ మారతాయి. ఆ షీటు రెండేళ్ళు ఆగకుండా నడిచి, అందులో వరసలు చేత్తో చూసుకోలేనంత పెరిగినప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలను పిలవండి. అప్పటికి మీకు ఏం కావాలో మీకే తెలిసి ఉంటుంది, వాళ్ళు అమ్మేదంతా కొనరు.